కరుణమ్మ గారి గిరజాల కోళ్ళు

పోయిన వారం గవర్నర్‌పేటలో క్షవరానికి కూర్చున్నాను. పక్క కుర్చీలో ఎవరికో తలంటి, డ్రయ్యరుతో జుట్టు ఆరబెడుతున్నారు. పసిపిల్లల షాంపూ వాసన, దాని కింద తడిసినదేదో వెచ్చబడుతున్నప్పుడు లేచే మరో వాసన, రెండూ కలిసి నా వైపు వచ్చాయి. కళ్ళు మూసుకున్నాను. మీద కప్పిన గుడ్డ కింద నా ఎడమచెయ్యి దానంతటదే గిన్నెలా వంగింది. అందులో తడికోడి గుండె టకటకా కొట్టుకుంటున్నట్టే అనిపించింది. మీలో మీరే నవ్వుకుంటున్నారేంటి సార్ అని అడిగాడు క్షవరం చేస్తున్నతను. ఒకావిడ గుర్తొచ్చారని చెప్పాను. అతను అంతా అర్థమైనట్టు తలాడించి, కత్తెర పని మరింత శ్రద్ధగా చేశాడు. అతని సంతోషం ఎందుకు పాడుచెయ్యాలని ఊరుకున్నాను.

ఆవిడ కరుణమ్మ గారు. పెనమలూరులో మా పక్కింటి మనిషి. మేం అక్కడ ఇల్లు కట్టుకునేసరికే ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. అంతకుముందు సిటీ బస్సు కండక్టరు. ఆ పనిలో ఆడవాళ్ళు అరుదుగా కనిపించే రోజుల్లోనే భుజాన సంచీ వేసుకుని, విజయవాడ జనాన్నంతా ముందుకి జరిపిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేకపోయింది. ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేవారు. తిరిగొచ్చి ఆ చీర మీదే పాత చొక్కా తొడుక్కుని, పెరట్లో కోళ్ళ మధ్య ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవారు. సాయంత్రం వాటిని గూళ్ళలోకి తోలేటప్పుడు గోడ ఇవతలికి మాటలు వినిపించేవి. ముందుకి జరగండమ్మా, లోపల బోలెడు ఖాళీ ఉంది, గుమ్మంలో నిలబడొద్దు, అని.

ఆ కోళ్ళు మామూలువి కావు. బాంటం జాతి, అంటే నాటుకోడిలో సగం కూడా ఉండవు, రెండు అరచేతుల్లో ఇమిడిపోతాయి. అందులోనూ వీటి ఈకలు ఒంటిని అంటుకుని ఉండకుండా, కొసలు పైకి లేచి తల వైపు చుట్టుకుని ఉంటాయి. దూరం నుంచి చూస్తే చామంతిపువ్వుకి కాళ్ళొచ్చి నడుస్తున్నట్టుంటుంది. పుస్తకాల్లో వీటిని ఫ్రిజిల్ అంటారు. ఆవిడ మాత్రం గిరజాల కోళ్ళు అనేవారు. మా వీధి పాలవాడు మొదటిసారి చూసినప్పుడు వీటికి కరెంటు షాకేమన్నా కొట్టిందా అని అడిగాడట. వీటిని కొందరు పెరట్లో ముచ్చటకి పెంచుకుంటారు. కొందరు అందాల పోటీకి తీసుకెళ్ళినట్టు ప్రదర్శనలకి తీసుకెళ్తారు. కరుణమ్మ గారు రెండూ చేసేవారు.

నేను ఉయ్యూరు దగ్గర చెరకు పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి. మా ఇంట్లో కోడికి రెండే దారులు. బరిలోకి పోవాలి, లేదా పొయ్యిమీదికి పోవాలి. మా పెదనాన్న పందెం పుంజులకి జీడిపప్పు, బాదంపప్పు స్వయంగా తినిపించేవాడు. ఓడిన పుంజు మొహం మాత్రం రెండోసారి చూసేవాడు కాదు. గెలిచినదాన్నే చూడాలి, ఓడినదాన్ని కంటికి కనపడకుండా చెయ్యాలి అన్న అలవాటు నాకు ఆ ఇంట్లోనే పట్టింది. పెరిగి ఆటోనగర్లో లారీల స్పేర్ పార్టుల దుకాణం పెట్టాక కూడా వదల్లేదు. కాబట్టి గోడ మీద నుంచి ఆ చిట్టి పుంజుని మొదట చూసిన రోజున, ఇది పందేనికి పనికిరాదు, కూరకి చాలదు, ఇంకెందుకండీ అని అడిగేశాను.

ఆవిడ పుంజు కాళ్ళకి కొబ్బరినూనె రాస్తున్నారు. తల ఎత్తకుండానే, "నువ్వు దేనికి పనికొస్తావో నేను అడిగానా బాబూ?" అన్నారు.

మా స్నేహం అలా మొదలైంది. ఆ కోళ్ళు ఆవిడ దగ్గరికి ఎలా వచ్చాయో తర్వాతెప్పుడో చెప్పారు. బందరు రోడ్డు బస్సులో ఒక పెద్దాయన రోజూ ఒళ్ళో మూతపెట్టిన బుట్టతో ఎక్కేవాడట. ఈవిడ బుట్టకి లగేజీ టిక్కెట్టు కొట్టారు. ఆయన తన ఒళ్ళో ఉన్నది లగేజీ ఎలా అవుతుందని వాదించాడు. నెలల తరబడి ఇద్దరూ తగువాడుకుంటూనే ప్రయాణం చేశారు. ఆయన ఊరు విడిచి వెళ్ళిపోయే ముందు అదే బుట్టని తెచ్చి ఈవిడ సీటులో పెట్టి, ఇక దీనికి టిక్కెట్టు నువ్వే తీసుకో అని దిగిపోయాడట. మూత తీస్తే రెండు గిరజాల పిల్లలు. ఆవిడ ఆ రోజు నిజంగానే లగేజీ టిక్కెట్టు తన డబ్బుతో తీసుకుని ఇంటికి తెచ్చుకున్నారు. ఈ మాట ఆవిడ చెప్పారు కాబట్టి నమ్ముతాను.

దుకాణంలో నాకొక ఊతపదం ఉండేది: మా దగ్గర తప్పు జరగదండీ. సరుకు మారిపోతే ట్రాన్స్‌పోర్టువాడి తప్పు, బిగిస్తే సరిపడకపోతే మెకానిక్కు తప్పు, విరిగితే కంపెనీ తప్పు. ఒక సాయంత్రం ఫోన్లో ఎవరితోనో అలాగే గొంతు పెంచి మాట్లాడి పెట్టేసేసరికి, గోడ అవతలి నుంచి కరుణమ్మ గారు, "ఇప్పటికి ముగ్గుర్ని దింపేశావు ప్రసాదూ బస్సులోంచి. నువ్వెక్కడ కూర్చున్నావో కనపళ్ళేదు" అన్నారు. నాకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే గోడ పక్క నుంచి వెళ్ళి ఆవిడ పెరట్లో కూర్చున్నాను. నాకొక పాత టూత్‌బ్రష్ ఇచ్చి, కోడి కాళ్ళ పొలుసుల్లో మట్టి తియ్యమన్నారు. అప్పటినుంచి దాదాపు ప్రతి సాయంత్రం అక్కడే.

ప్రదర్శనకి కోడిని తయారుచెయ్యడం అక్కడే నేర్చుకున్నాను. గోరువెచ్చటి నీళ్ళు మూడు తొట్లలో పెట్టాలి. మొదటిదాంట్లో షాంపూ నురగ, రెండోది ఉత్త నీళ్ళు, మూడోదాంట్లో రెండు చుక్కలు వెనిగరు. కోడి మెడ మునగకుండా అరచేతి మీద తేలనివ్వాలి. భయపడి తన్నుకుంటే ఈక విరుగుతుంది. కాసేపటికి నీటి వెచ్చదనానికి అది కళ్ళు మూస్తుంది. గిరజాల ఈకని ఎప్పుడూ తువ్వాలుతో రుద్దకూడదు, అద్దాలి. తర్వాత డ్రయ్యరు, అదీ తక్కువ వేడి మీద, దూరం నుంచి. గాలి తగిలినకొద్దీ ఒక్కొక్క ఈక లేచి వెనక్కి చుట్టుకుంటుంటే, చూసినవాడికి తనే దాన్ని పుట్టించినంత గర్వం వస్తుంది. నాకు బాగా ఎక్కువగా వచ్చింది.

ఆ యేడు విజయవాడలో ఒక ఫంక్షన్ హాల్లో కోళ్ళ ప్రదర్శన జరిగితే ఇద్దరం ఒక పుంజుని తీసుకెళ్ళాం. వరసగా తెల్లటి పంజరాలు, వాటి ముందు పిల్లల్ని ఎత్తుకుని జనం, చేతిలో సన్నటి పుల్లతో జడ్జి. ఆయన మా పుంజు రెక్క విప్పి చూసి, ఈకల చుట్ట ఇంకాస్త బిగువుగా ఉంటే బాగుండేదన్నాడు. రెండో బహుమతి వచ్చింది. కరుణమ్మ గారు దార్లో నాకు చెరకురసం తాగించి పుంజుతో కబుర్లు చెప్పుకుంటూ వచ్చారు. నాకు మాత్రం ఆ రసం చేదుగా దిగింది. బిగువు, బిగువు అన్న మాటే చెవిలో తిరిగింది.

ఆవిడ పెరట్లో గిరజాల పెట్టలతో జంట కట్టేది ఆ అందమైన పుంజు కాదు. దాని తమ్ముడు, నున్న ఈకల పుంజు. గిరజాల పెట్టకి నున్నటి పిల్లలు కూడా పుడతాయి, అలా పుట్టిందది. చూడ్డానికి చిన్న సైజు నాటుకోడిలా, ఏ ప్రత్యేకతా లేకుండా ఉండేది. అందగాణ్ణి విడిగా ఉంచి దీన్ని పెట్టలతో ఉంచడమేమిటని ఒకసారి అడిగాను. గిరజాలకి నున్నటిది కలవాలి, రెండూ గిరజాలైతే పిల్లలు కష్టపడతాయి అని చెప్పారు. స్పష్టంగానే చెప్పారు. నేను స్పష్టంగానే విన్నాను. విని, మెత్తని మనసు కదా, ఆ అనాకారిదాని మీద జాలిపడుతున్నారు అనుకున్నాను.

వానలు తగ్గుముఖం పట్టాక ఆవిడ మోకాళ్ళ ఆపరేషను చేయించుకుని గుడివాడలో చెల్లెలి ఇంటికి వెళ్ళారు. కుట్లు సరిగా మానక చలికాలమంతా అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. గూళ్ళ తాళాలు నా చేతికిచ్చారు. ఆవిడ కారెక్కి వీధి మలుపు తిరిగిన వారంలోనే నేను నున్న పుంజుని పట్టుకెళ్ళి ఆటోనగర్లో మా దుకాణం ఎదురు లేత్ పనిచేసే మస్తాన్‌కి ఇచ్చేశాను. అందగాడైన పుంజుని పెట్టల్లో వదిలాను. చుట్ట మీద చుట్ట పడితే వచ్చే బిగువు చూసి ఆ జడ్జి నోరు తెరవాలని నా ఆశ. ఆవిడ తిరిగొచ్చేసరికి మొదటి బహుమతి కోడిని సిద్ధంగా ఉంచి ఆశ్చర్యపరచాలని కూడా అనుకున్నాను. కానీ ఆ రెండో మాట నాకు నేను చెప్పుకున్న సాకు.

గుడ్లు పొదిగి పిల్లలయ్యాయి. రెక్కల ఈకలు మొలిచేటప్పుడు తేడా బయటపడింది. కొన్ని ఎప్పటిలాంటి గిరజాలతోనే వచ్చాయి, ఒకటి రెండు నున్నగా ఉన్నాయి. మిగిలినవాటికి మాత్రం ఈక దారంలా సన్నంగా, బిగుసుకుపోయి చుట్టలు చుట్టుకుంది. వాటిని చూసి మురిసిపోయాను. నా భార్య సుజాతని పిలిచి చూపించాను. తను చాలాసేపు చూసి, వీటికి చలెయ్యదా అని మాత్రం అడిగింది. ఇంకొన్నాళ్ళకి ఆ ఈకలు పెళుసెక్కి విరగడం మొదలుపెట్టాయి. ఒకదాన్నొకటి రాసుకున్నా విరిగేవి. పేలు పట్టాయేమోనని మందు చల్లాను, మేత మార్చాను, మేత అమ్మినవాణ్ణి తిట్టాను. ధనుర్మాసం మంచు దిగేనాటికి అవి ఎర్రటి చర్మంతో, అక్కడక్కడా చీపురుపుల్లల్లాంటి ఈక మొదళ్ళతో, ఒకదాని కిందకి ఒకటి దూరుతూ వణికేవి.

అప్పుడన్నా ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది. కరుణమ్మ గారు రోజూ చేసేవారు. అంతా బాగానే ఉందండీ అనేవాణ్ణి. ఆవిడ వచ్చే రోజు దగ్గరపడుతోందని తెలిసి, ఎవరూ చూడకుండా ఆ బోసి పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి, దుకాణం వెనక రేకులగదిలో దాచాను. లైటు వేసి ఉంచితే కాస్త వెచ్చగా ఉండేవి. వేస్తే పనివాళ్ళు ఏమిటని అడుగుతారని వెయ్యలేదు. పొద్దున వెళ్ళి చూసినప్పుడల్లా ఒకటో రెండో కదలకుండా ఉండేవి. వాటిని చంపింది చలి అని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. వెచ్చటి పెరడు, తల్లి రెక్క ఉండగా వాటిని అక్కడికి తీసుకెళ్ళింది చలి కాదు. చివరికి ఒక్క పెట్ట మిగిలింది.

కరుణమ్మ గారు వాకరు పట్టుకుని వచ్చారు. వచ్చీరాగానే గూళ్ళ దగ్గరికి వెళ్ళి, నున్న పుంజు ఏదని అడిగారు. ముంగిస ఎత్తుకుపోయిందని చెప్పాను. అలాగా అన్నారు. కాసేపు గూటి తలుపు వంక చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

ఆ నెలాఖరున మళ్ళీ ప్రదర్శన. నా పొదుగులోనే మామూలు గిరజాలతో వచ్చిన ఒక కుర్రపుంజుని నేనే కడిగి, ఆరబెట్టి తీసుకెళ్ళాను. మొదటి బహుమతి దానికే వచ్చింది. కప్పు నా చేతికిచ్చారు. తెనాలి నుంచి వచ్చిన ఒక జంట ఈ పుంజు తోబుట్టువుల్లో ఒక జత తమకి కావాలని, దోషాలేమీ లేవు కదా అని అడిగారు. కరుణమ్మ గారు వాకరు మీద వాలి, "పెంచింది ప్రసాదు. ఏదన్నా ఉంటే అతనే చెప్తాడు" అని నా వైపు చూశారు. ఆ చూపులో అనుమానం లేదు, ఎదురుచూపు ఉంది. అదే తట్టుకోలేకపోయాను. అయినా, ఏమీ లేదండీ అన్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో కప్పు నా కాళ్ళ దగ్గర దొర్లుతోంది. బెంజిసర్కిల్ దాటగానే ఇక ఆపుకోలేకపోయాను. మస్తాన్‌కిచ్చిన పుంజు దగ్గరనుంచి అట్టపెట్టె దాకా అంతా చెప్పాను.  అన్నీ పోయాయా అని చివర్లో అడిగారు ఆవిడ. ఒకటి ఉందన్నాను. ముందు సీటు వెనక ఇనపకడ్డీ మీద ఉంగరంతో టకటకా కొట్టి, "బాబూ, ఆటోనగర్ వైపు తిప్పు" అన్నారు.

ఆదివారం కావడంతో ఆటోనగర్ సద్దుమణిగి ఉంది. నూనె మరకల నేల మీద ఆవిడ వాకరు జారుతుంటే చెయ్యి పట్టుకోబోయాను. వద్దన్నారు. రేకులగదిలో పెట్టె మూత నేనే తీశాను. ఆవిడ కష్టపడి వంగి, ఆ బోసి పెట్టని తీసి కొంగులో చుట్టుకున్నారు. అది కొంగులో నుంచి మెడ చాపి చూసింది. నిన్ను లగేజీలో పడేశాడా తల్లీ అని దానితో అన్నారు. తర్వాత నాతో మాట్లాడారు.

"టిక్కెట్టు తీసుకోనివాళ్ళని చాలామందిని చూశాను ప్రసాదూ. చెకింగు ఎక్కకముందే వచ్చి, అమ్మా తీసుకోలేదు అని చెప్పినవాడికి నవ్వి టిక్కెట్టు కొట్టేదాన్ని. అది వాడికీ నాకూ మధ్యనే ఉండేది. చెకింగు ఎక్కాక చెప్పినవాడికి నేనేం చెయ్యగలను? నువ్వు ఎక్కాక చెప్పావు. ఈ లోపల పిల్లలు పోయాయి."

మీకు ముందే తెలుసా అని అడిగాను.

"ముంగిసకి పోతూ పోతూ గడియ పెట్టడం ఎవరు నేర్పారు?"

"మరి అప్పుడే అడగలేదేమండీ?"

"నేనడిగాక చెప్తే అది నువ్వు చెప్పినట్టెలా అవుతుంది?"

నేను ఏడ్చాను. ఓదార్చలేదు. ఏడుపయ్యేదాకా అక్కడే పాత టైరు మీద కూర్చుని, పెట్ట వీపుని అరచేత్తో కప్పి ఉంచారు. పుంజు పంజరం దింపుకున్నాం గానీ కప్పు ఆటోలోనే ఉండిపోయింది. సర్వీసంతా ఎవరి గొడుగు పోయినా డిపో దాకా వెతికించిన మనిషి, దాన్ని గురించి ఎప్పుడూ ఒక్కమాట అనలేదు. మర్నాడు నేను తెనాలి వాళ్ళకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. వాళ్ళు ఆలోచించుకుంటామన్నారు. మళ్ళీ మాట్లాడలేదు.

నన్ను పెరట్లోకి రావద్దంటారేమో అనుకున్నాను. అలా అని ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఆవిడ ఆ పెట్టని నా చేతికిచ్చి, పెంచు అన్నారు. దానికి అరటిక్కెట్టు అని పేరు కూడా పెట్టారు. చలి ఉన్నంతకాలం దాన్ని ఇంట్లోనే ఉంచాను. సుజాత పాత స్వెట్టరు చెయ్యి కత్తిరించి, కాళ్ళకి కన్నాలు చేసి చొక్కా కుట్టింది. చేసిన ఘనకార్యం మీది, కుట్టుపని నాదీ అని సూది గుచ్చినప్పుడల్లా అంటూనే కుట్టింది. ఎండాకాలం వచ్చేసరికి కష్టం తిరగబడింది. ఈక లేని చర్మం రోహిణి కార్తె ఎండకి కమిలిపోతుంది. మధ్యాహ్నం దుకాణం నుంచి ఇంటికొచ్చి గోనెసంచులు తడిపి కట్టి వెళ్ళేవాణ్ణి. పనిలో పడి ఎప్పుడైనా ఆలస్యమైతే, అది నీడలో ముక్కు తెరుచుకుని నా దారే చూస్తుండేది. నన్ను చూసి చొక్కా వేసుకోవడానికి మెడ వంచినట్టే వంచి దగ్గరికొచ్చేది. తనకి నేను చేసింది దానికి తెలియదు. తెలియకపోవడం నాకు శిక్షలా ఉండేది.

తొలకరికి కరుణమ్మ గారు, మస్తాన్ దగ్గర పుంజు ఉందో లేదో కనుక్కోమన్నారు. కూరైపోయి ఉంటుందని భయపడుతూ వెళ్ళాను. అది లేత్ మిషను పక్క స్టూలు మీద దర్జాగా కూర్చుని ఉంది. రోజూ టీకొట్టు నుంచి దానికి బన్ను ముక్క వస్తుందట. తిరిగిమ్మని అడిగితే మస్తాన్ స్పానరు కింద పెట్టేశాడు.

"ఇచ్చింది మీరే కదా భాయ్. పెట్టుకో, దీంతో పన్లేదు అన్నారు."

అది నాది కాదని, ఆవిడకి చెప్పకుండా ఇచ్చానని, ముంగిస మీద పెట్టానని అతనికి అక్కడే చెప్పేశాను. ఈసారి మాట తొందరగా వచ్చింది. మస్తాన్ చాలాసేపు నవ్వాడు. చొక్కా వేసుకున్న ముంగిస అని నాకో పేరు పెట్టాడు. అప్పుగా తీసుకెళ్ళండి, పని కాగానే మావాణ్ణి మాకు అప్పగించాలి అని షరతు పెట్టి ఇచ్చాడు.

నున్న పుంజుని అరటిక్కెట్టుతో వదలమని కరుణమ్మ గారు చెప్పినప్పుడు నేను ఒప్పుకోలేదు. ఆ బోసి ఒంటికి పుట్టే పిల్లలెలా ఉంటాయోనని భయం. ఒకసారి నా చేతుల మీదుగా పోయినవి చాలనుకున్నాను. ఆవిడ వాదించలేదు. పోయినసారి నా మాట వినలేదుగా, ఈసారి వినిచూడు అన్నారు. అరటిక్కెట్టు కొద్దిపాటి గుడ్లే పెట్టింది. వాటిని ఒక నాటుకోడి కింద పొదగబెట్టాం. పిల్లలొచ్చాయి. రెక్కల ఈకలు మొలిచేదాకా నేను వాటి దగ్గరికి వెళ్ళలేకపోయాను. దుకాణం నుంచి వచ్చి దూరంగా నిలబడి వెళ్ళిపోయేవాణ్ణి. ఒక పొద్దున కరుణమ్మ గారే గోడ మీద నుంచి పిలిచారు.

ఒక పిల్లని నా అరచేతిలో పెట్టారు. రెక్క కొసన ఈక మెత్తగా, బలంగా, బయటికి ఒంపు తిరిగి ఉంది. రెండోదాన్ని పెట్టారు. దానికీ అంతే. మూడోది, నాలుగోది, గంపలో ఉన్నవన్నీ. బోసిది ఒక్కటీ లేదు. నున్నటిది కూడా ఒక్కటీ లేదు. ఆవిడ ఇన్నేళ్ళ పెంపకంలో సగం గిరజాలు, సగం నున్నవి రావడమే చూశారట. పొదుగంతా గిరజాలు కావడం అదే మొదలు.

"దానికి అందం రెండు పాళ్ళు పడిపోయింది, అదీ దాని కష్టం. ఇతగాడికి అసలు పడలేదు. పిల్లకి తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి నున్నదనం ఒక పాలు. ఇంకేం కావాలి?"

ఇలా అవుతుందని ముందే తెలిస్తే నాకు చెప్పి ఉండొచ్చు కదా, ఇన్నాళ్ళూ నిద్ర లేదండీ అన్నాను. నీకు నిద్ర పట్టించడానికా నేనుంది అని, గంప మీద మూత పెట్టేశారు. కానీ ఆ సాయంత్రం చెరకురసం ఆవిడే తెప్పించారు. ఆ రోజు అది తియ్యగానే ఉంది.

కరుణమ్మ గారు పోయి ఏడాది దాటింది. నిద్రలోనే వెళ్ళిపోయారు. కోళ్ళన్నిటినీ నాకు అప్పగించమని చెల్లెలితో ముందే చెప్పి ఉంచారట. చర్చిలోని ఆవిడ స్నేహితురాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడూ వచ్చి పెరట్లో కూర్చుని వెళ్తారు. నేను మంచివాణ్ణయ్యానని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. దుకాణంలో సరుకు మారిపోతే ఇప్పటికీ నా నోటికి మొదట వచ్చేది ట్రాన్స్‌పోర్టువాడి పేరే. దాన్ని మింగి, అవతలివాళ్ళు కనుక్కోకముందే నేనే ఫోన్ చేస్తాను. కొందరు తిడతారు. ఒకరిద్దరు బేరం మానేశారు. చెప్పేశాక మాత్రం గుండెల్లో బరువు దిగుతుంది. ఆ తేలిక నాకు ఆవిడ ఇచ్చిపోయినదే.

గిరజాల కోళ్ళ కోసం మా ఇంటికి ఇప్పుడు చాలా ఊళ్ళ నుంచి వస్తుంటారు. ప్రదర్శనలో చూసి, ఫొటోలు చూసి, ఆత్రంగా వస్తారు. వాళ్ళని నేరుగా పిల్లల గూడు దగ్గరికి తీసుకెళ్ళను. ముందు వరండాలో చొక్కా తొడుక్కుని కూర్చున్న ముసలి పెట్టని చేతిలోకి తీసుకుని, చొక్కా విప్పి, దాని ఒళ్ళు చూపిస్తాను. అది ఎలా పుట్టిందో, దాని తోబుట్టువులు ఎక్కడ, ఎవరివల్ల పోయాయో చెప్తాను. కొందరికి మొహాలు మారిపోతాయి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోతారు. కొందరు చెయ్యి చాపి దాన్ని నిమురుతారు. వాళ్ళకి గూటి తలుపు తీస్తాను.